పాత ప్లేట్లు, కొత్త యంత్రం: ఇంట్లో రికార్డులు వినడం మొదలుపెట్టేవారికి

రికార్డు ప్లేయరు కొనాలనుకునేవారు సాధారణంగా ముందు యంత్రాన్ని ఎంచుకుంటారు, అది ఇంటికి వచ్చిన తరువాత దాని మీద ఏం పెట్టాలో వెతుక్కుంటారు. మన ఇళ్ళలో ఈ క్రమం తరచుగా బెడిసికొడుతుంది. అటక మీది ట్రంకుపెట్టెలో తాతగారి కాలపు హరికథల, పద్యనాటకాల ప్లేట్లు ఉంటాయి. వాటి పక్కనే నాన్నగారు కొన్న సినిమా పాటల చిన్న రికార్డులు, ఘంటసాల భగవద్గీత ఎల్పీ ఉంటాయి. చూపుకు ఇవన్నీ నల్లటి గుండ్రటి పళ్ళేలే అయినా ఒకే వేగంతో తిరిగేవి కావు, ఒకే ముల్లుతో పలికేవీ కావు. అందువల్ల ఈ పనిని ప్లేటు దగ్గర మొదలుపెట్టి, ఆ ప్లేటుకు తగిన ముల్లు ఏదో తెలుసుకొని, ఆ ముల్లును సరిగా మోయగల యంత్రం దగ్గరకు చివరగా రావడం మంచిది. ఈ వ్యాసం ఆ వరుసలోనే సాగుతుంది.

మొదటి పని: మీ దగ్గరున్న ప్లేటు ఏదో గుర్తుపట్టడం

ప్లేటును అంచులతో పట్టుకొని తూచినట్టుగా చేతిలో ఆడించి చూడండి. పది అంగుళాల వెడల్పుతో, పరిమాణానికి మించిన బరువుతో, గోటితో తడితే పింగాణీ పళ్ళెంలా కంగుమనే ప్లేటు లక్కతో చేసినది. దీని వేగం నిమిషానికి 78 చుట్లు, ఒక్కో వైపు నిడివి సుమారు 3 నిమిషాలు. లక్కకు మెత్తటి రాతిపొడి కలిపి వేడిగా అచ్చువేసిన ఈ ప్లేటు చేయి జారితే పెంకులుగా పగిలిపోతుంది. తరువాత వచ్చినవి వినైల్ అనే ప్లాస్టిక్ ప్లేట్లు. ఇవి తేలిక, కొద్దిగా వంగుతాయి, తడితే మొద్దు శబ్దం ఇస్తాయి. వీటిలో 12 అంగుళాలవి ఎల్పీలు. అమెరికాలో కొలంబియా కంపెనీ 1948లో తెచ్చిన ఈ రకం నిమిషానికి 33⅓ చుట్లు తిరుగుతుంది, ఒక్కో వైపు 20 నిమిషాల పైచిలుకు పాడుతుంది. ఆ మరుసటి ఏడు ఆర్‌సీఏ విక్టర్ తెచ్చిన 7 అంగుళాల ప్లేటు 45 చుట్లది. మన సినిమా పాటలు ఎక్కువగా ఈ చిన్న ప్లేట్ల మీదే, వైపుకు ఒకటి రెండు పాటల చొప్పున వచ్చేవి.

వేగం ఎంతో చాలావాటి మీద మధ్యనున్న చీటీలోనే అచ్చయి ఉంటుంది. అయితే పాత ప్లేట్లు కొన్నింటి మీద ఆ అంకె ఉండదు, పైగా మన దేశంలో 78 చుట్ల ప్లేట్లు 1960ల చివరిదాకా తయారయ్యాయి కనుక, ఫలానా పాట ఫలానా ఏట వచ్చింది కాబట్టి ఇది వినైలే అయి ఉంటుందని ఊహించడం ప్రమాదకరం. అనుమానం వస్తే బరువును, శబ్దాన్ని, గాడుల వెడల్పును నమ్మండి. 78 ప్లేటు గాడులు పగటి వెలుగులో వేటికవి కంటికి కనిపించేంత వెడల్పుగా ఉంటాయి. ఎల్పీ గాడులు మాత్రం పట్టుబట్ట నిగారింపులా కలిసిపోయి కనిపిస్తాయి.

ఈ గాడుల తేడాయే ముల్లును నిర్ణయిస్తుంది. 78 ప్లేటుకు వాడే ముల్లు మొన గుండ్రదనం వ్యాసార్ధంలో సుమారు 75 మైక్రాన్లు, ఎల్పీకి వాడే సాదా ముల్లుది సుమారు 18 మైక్రాన్లు. ఎల్పీ ముల్లును 78 ప్లేటు మీద పెడితే అది గాడి గోడలను తాకకుండా అడుగుకు జారి, అక్కడ పేరుకున్న మట్టినీ అరుగుదలనూ చదువుతుంది. పాట కంటే గరగర ఎక్కువగా వినిపించడానికి కారణం ఇదే. ఇది తిరగబడితే నష్టం ఇంకా పెద్దది. చేత్తో తాళం తిప్పే పాత గ్రామఫోను శబ్దపేటిక ఉక్కు సూది మీద వంద గ్రాములకు పైగా బరువు మోపుతుంది. గట్టి లక్క ప్లేటు దాన్ని తట్టుకుంటుంది, పైగా తనలోని రాతిపొడితో సూదినే అరగదీస్తుంది కనుక ఆ రోజుల్లో ఒక్కో వైపుకు ఒక్కో సూది మార్చేవారు. అదే గ్రామఫోను మీద ఎల్పీ పెడితే గాడులు ఒక్కసారికే చెక్కుకుపోతాయి. పెళ్ళిళ్ళలో, ఫొటో స్టూడియోల్లో అలంకారానికి పెట్టే ఇత్తడి పువ్వు గ్రామఫోనుల మీద సరదాకు ఎల్పీ తిప్పడం చూసినప్పుడల్లా నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

రెండవ పని: యంత్రాన్ని ఎంచుకోవడం

మీ దగ్గర ఉన్నవీ, మీరు కొనబోయేవీ ఎల్పీలూ చిన్న ప్లేట్లే అయితే 33, 45 వేగాలున్న యంత్రం చాలు. 78 ప్లేట్లు కూడా ఉంటే మూడు వేగాలూ, ముల్లు మార్చుకొనే వీలూ ఉన్న యంత్రం తీసుకోవలసిందే. ఉదాహరణకు ఆడియో-టెక్నికా వారి ఏటీ-ఎల్పీ60ఎక్స్ మొదటి రకానిది; మీట నొక్కితే ముల్లును మోసే చేయి తానే లేచి ప్లేటు మీదికి వెళ్ళి, పాట అయ్యాక తానే వెనక్కు వస్తుంది, బిగింపులన్నీ ఫ్యాక్టరీలోనే చేసి పంపుతారు, ముల్లు నుంచి వచ్చే సన్నటి శబ్దాన్ని పెద్దది చేసే ప్రీయాంప్ లోపలే ఉంటుంది. అదే కంపెనీ ఏటీ-ఎల్పీ120ఎక్స్ రెండవ రకానిది. దీనికి మూడు వేగాలుంటాయి, చేతి వెనుక బరువును మనమే సర్దుకోవాలి, దానితో వచ్చే, చేతి కొసన ముల్లును పట్టి ఉంచే చిన్న పెట్టె అయిన వీఎం95 వరుస కార్ట్రిడ్జ్‌కు 78 ప్లేట్ల ముల్లు విడిగా దొరుకుతుంది. కార్ట్రిడ్జ్ విప్పనక్కరలేదు, ముల్లున్న చిన్న ముక్కను ముందుకు లాగి, రెండోదాన్ని తొడగడమే. ఈ రెండు పేర్లనూ ప్రచారం కోసం కాక కొలబద్దలుగా చెబుతున్నాను. ఏ కంపెనీది కొన్నా పై గుణాలు ఉన్నాయో లేదో చూసుకోండి.

బెల్టుతో తిరిగేదా, పళ్ళెం కింద మోటారే నేరుగా తిప్పేదా అన్న చర్చ చాలా నడుస్తుంది. టెక్నిక్స్ కంపెనీ 1972లో తెచ్చిన ఎస్‌ఎల్-1200 నేరుగా తిప్పే రకానికి పేరు తెచ్చింది, అయినా మంచి బెల్టు యంత్రాలు నేటికీ వస్తూనే ఉన్నాయి. మొదలుపెట్టేవారికి ఈ తేడా అంత ముఖ్యం కాదు. బెల్టు కొన్నేళ్ళకు సాగుతుంది, మార్చుకోవాలి, అంతే.

సూట్‌కేసు ఆకారంలో వచ్చే చవక ప్లేయర్ల విషయంలో మాత్రం నా మాట కొంచెం కటువుగానే ఉంటుంది. వాటిలో చాలావరకు సిరామిక్ కార్ట్రిడ్జ్ ఉంటుంది, ముల్లు మీద బరువు మంచి యంత్రం కంటే రెండింతలకు పైగా పడుతుంది, దాన్ని తగ్గించే మార్గమూ ఉండదు. స్పీకర్లు అదే పెట్టెలో ఉండడం వల్ల వాటి అదురు ముల్లుకు చేరుతుంది. బజారులో నలిగిన ప్లేట్లు తిప్పి చూడడానికి అవి పనికివస్తాయేమో గాని, మళ్ళీ దొరకని ప్లేటును వాటి కింద పెట్టకండి.

ఇంట్లోనే పాత హెచ్‌ఎంవీ ఫియెస్టా వంటి ప్లేయరు ఉంటే పారేయకండి, అలాగని వెంటనే కరెంటు కూడా ఇవ్వకండి. దశాబ్దాలుగా తిరగని మోటారులో గ్రీజు బంకలా గడ్డకట్టి ఉంటుంది, రబ్బరు చక్రం గట్టిపడి ఉంటుంది, తీగల తొడుగు పెళుసెక్కి ఉండవచ్చు. పాత రేడియోలు, టేపురికార్డర్లు బాగుచేసే మెకానిక్కు చూపించిన తరువాతే ప్లగ్గు పెట్టండి. ఆ కాలపు ప్లేయర్లు చాలావాటిలో కార్ట్రిడ్జ్ కింద చిన్న మీట ఉంటుంది. దాన్ని ఒక వైపు తిప్పితే 78 ముల్లు, మరో వైపు తిప్పితే ఎల్పీ ముల్లు కిందికి వస్తాయి. ఇంట్లో పిల్లలు ఆ మీటతో ఆడుకొని తప్పు ముల్లు కిందికి తెచ్చి ఉండడం చాలా సాధారణం కనుక మొదట అది చూడండి.

అమెరికా నుంచి యంత్రం తెచ్చుకొనేవారికి

మన కుటుంబాల్లో ఎవరో ఒకరు అమెరికాలో ఉంటారు. అక్కడ పాత సామాన్ల అమ్మకంలో చవకగా దొరికిన యంత్రాన్ని సూట్‌కేసులో తెస్తారు. అక్కడి కరెంటు 120 వోల్టులు, ఇక్కడ 230 వోల్టులు అన్న సంగతి అందరికీ తెలుసు కనుక వోల్టేజీ తగ్గించే ట్రాన్స్‌ఫార్మరు కొంటారు. తెలియనిది రెండో తేడా. అక్కడి కరెంటు సెకనుకు 60 సార్లు ఊగుతుంది, మనది 50 సార్లు. కొన్ని యంత్రాల్లోని ఏసీ మోటారు తన వేగాన్ని ఈ ఊపు నుంచే తీసుకుంటుంది, ట్రాన్స్‌ఫార్మరు దాన్ని మార్చలేదు. ఫలితంగా నిమిషానికి 33⅓ చుట్లు తిరగవలసిన పళ్ళెం 28 కంటే కొంచెం తక్కువ చుట్లే తిరుగుతుంది. సంగీతం తెలిసినవారికి చెప్పాలంటే, నాలుగు శ్రుతిలో పాడిన కీర్తన రెండు శ్రుతికి, అంతకంటే ఇంకాస్త కిందికీ దిగిపోతుంది, కాలప్రమాణమూ సాగుతుంది. అంతటి విద్వాంసుడు ఇంత నీరసంగా పాడాడేమిటని అనుకొనేవారు తప్పును పాటగాడి మీద వేస్తారు గాని ప్లగ్గు మీద వేయరు. డీసీ మోటారుతో, బయటి అడాప్టరుతో నడిచే యంత్రానికి ఈ చిక్కు లేదు. అడాప్టరు మీద 100-240 వోల్టులు అని ఉంటే చాలు. ఏసీ మోటారు యంత్రమైతే 50 హెర్ట్జ్‌కు సరిపడే మోటారు కప్పీ ఆ మోడలుకు దొరుకుతుందేమో ముందు కనుక్కొని, ఆ తరువాతే తీసుకురమ్మనండి.

మూడవ పని: నిలబెట్టడం, బరువు సర్దడం

గట్టి బల్ల మీద, స్పీకర్లు లేని చోట యంత్రాన్ని ఉంచండి. స్పీకర్లు అదే బల్ల మీద ఉంటే అవి అదిరినప్పుడు ముల్లు కూడా అదిరి, ఆ అదురు మళ్ళీ స్పీకరులోంచి వచ్చి హోరుగా మారుతుంది. మేస్త్రీ వాడే రసమట్టం ఒకటి తెచ్చి పళ్ళెం మీద రెండు దిక్కులా పెట్టి చూడండి, యంత్రం కాళ్ళు తిప్పి గానీ కింద అట్టముక్క పెట్టి గానీ మట్టం సరిచేయండి. ఇది పట్టింపు కోసం చెప్పే మాట కాదు. పళ్ళెం వాలితే చేయి ఆ వాలుకు లాగుతుంది, ముల్లు గాడిలో ఒక గోడను ఎక్కువగా ఒత్తుతుంది.

తరువాత వచ్చేది ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే నిదానంగా చేయవలసిన పని. కరెంటు ఆపి ఉంచి, ముల్లు మీది మూతను జాగ్రత్తగా తీయండి. మూతకూ బరువు ఉంటుంది కనుక దాన్ని ఉంచి తూచితే లెక్క తప్పుతుంది. చేయి లోపలికి జారకుండా ఆపే యాంటీ-స్కేటింగ్ మీటను సున్నాలో పెట్టండి. చేతిని దాని ఊత నుంచి విడిపించి, పళ్ళేనికి బయటే ఉంచి, వేళ్ళతో పట్టుకొనే వెనుక బరువును మెల్లగా ముందుకూ వెనక్కూ తిప్పండి. బరువు సరిగ్గా కుదిరిన క్షణంలో చేయి త్రాసు దండెలా కిందికి పోక, పైకి లేవక గాలిలో అడ్డంగా నిలుస్తుంది. అప్పుడు చేతిని ఊతలో పెట్టి బిగించి, బరువును కదల్చకుండా దాని ముందున్న అంకెల చక్రాన్ని మాత్రమే సున్నాకు తిప్పండి. ఇక బరువును చక్రంతో సహా తిప్పుతూ మీ కార్ట్రిడ్జ్‌కు చెప్పిన అంకె దగ్గర ఆపండి. వీఎం95ఈ కార్ట్రిడ్జ్‌కు ఇది 2 గ్రాములు, ఆర్టోఫాన్ 2ఎం రెడ్‌కు 1.8 గ్రాములు. యాంటీ-స్కేటింగ్‌ను కూడా అదే అంకెకు తెచ్చి వదిలేయండి. 78 ముల్లుకు మార్చినప్పుడు దీనికంటే ఎక్కువ బరువు కావాలి. ఎంతో ఆ ముల్లుతో వచ్చిన కాగితంలో ఉంటుంది.

బరువు తక్కువగా పెడితే ప్లేటు అరగదన్న ఊహ సహజంగానే కలుగుతుంది, అది తప్పు. తక్కువ బరువు పడిన ముల్లు గాడిలో నిలవక గంతులేస్తుంది, గొంతు హెచ్చుస్థాయికి వెళ్ళినప్పుడు పీలగా చీలుతుంది, ఆ గంతుల దెబ్బకే గాడి గోడలు చెడతాయి. చెప్పిన పరిధిలో మధ్య అంకెను, సందేహం ఉంటే దానికి పిసరు పైదాన్ని పెట్టండి. చిన్న డిజిటల్ ముల్లు త్రాసు చవకగానే దొరుకుతుంది, యంత్రం మీది అంకెలకంటే నమ్మదగింది.

వేగం చూడడానికి ఏ పరికరమూ అక్కరలేదు. పళ్ళెం అంచున చిన్న కాగితం ముక్క అతికించి, ప్లేటు మీద ముల్లు ఉండగానే లెక్కపెట్టండి. 33⅓ వేగంలో 100 చుట్లకు సరిగ్గా 3 నిమిషాలు పట్టాలి, 45 వేగంలో 45 చుట్లకు 1 నిమిషం పట్టాలి. 3 నిమిషాల్లో ఒక సెకను అటూ ఇటూ అయితే చెవికి తెలియదు.

నాలుగవ పని: తీగలు కలపడం

ముల్లు నుంచి వచ్చే విద్యుత్తు ఒక వోల్టులో వెయ్యో వంతుల్లో ఉంటుంది, మొదటి కొనుగోళ్ళలో సాధారణమైన మూవింగ్ మాగ్నెట్ కార్ట్రిడ్జ్‌కు సుమారు 3 నుంచి 5 మిల్లీవోల్టులు. దీన్ని నేరుగా టీవీ స్పీకరుకో, యాంప్లిఫయరు ఆక్స్ రంధ్రానికో కలిపితే ఎక్కడో దూరాన దోమ పాడినట్టు వినిపిస్తుంది. పైగా రికార్డు చెక్కేటప్పుడే మంద్ర శబ్దాలను తగ్గించి, తార శబ్దాలను హెచ్చించి చెక్కుతారు. అలా చేయకపోతే తబలా, మృదంగాల తొప్పి మోత గాడిని పక్క గాడిలోకి నెట్టేస్తుంది. 1950ల మధ్యకు పరిశ్రమ అంతా ఒప్పుకొన్న ఈ హెచ్చుతగ్గుల పద్ధతి పేరు ఆర్‌ఐఏఏ. వినేటప్పుడు దాన్ని తిరగేసి, శబ్దాన్ని పెద్దది చేసి ఇచ్చే చిన్న పెట్టెనే ఫోనో ప్రీయాంప్ అంటారు. అది మీ యంత్రంలో ఉందో, యాంప్లిఫయరులో ఉందో, విడిగా కొనాలో తేల్చుకోండి. ఒక్కటి ఉండాలి, రెండు ఉండకూడదు. యంత్రం వెనుక ఫోనో, లైన్ అన్న మీట ఉంటే, యాంప్లిఫయరులో ఫోనో రంధ్రం వాడుతున్నప్పుడు మీట ఫోనో వైపు, ఆక్స్ వాడుతున్నప్పుడు లైన్ వైపు ఉండాలి. శబ్దం పగిలి బొంగురుపోతే రెండు ప్రీయాంపులూ కలిశాయని అర్థం.

ఎర్ర తీగ కుడి, తెల్ల తీగ ఎడమ. వీటితోపాటు సన్నటి మూడో తీగ ఉంటే అది ఎర్తు. దాన్ని యాంప్లిఫయరు వెనుక మరకు చుట్టి బిగించాలి. పాట మొదలుకాకముందే హుమ్మని రొద వస్తుంటే ఆ తీగ వదులైందని మొదట అనుమానించండి. అది సరిగానే ఉన్నా రొద తగ్గకపోతే ఇంటి ప్లగ్గు పాయింటులో ఎర్తు ఉందా అన్నది చూడాలి. మూడు రంధ్రాలున్నంత మాత్రాన పాత ఇళ్ళలో మూడోదానికి వెనుక తీగ ఉండాలని లేదు, ఎలక్ట్రీషియన్ను పిలిచి చూపించండి. పాత 78 ప్లేట్లు వినేటప్పుడు యాంప్లిఫయరు మీద మోనో మీట ఉంటే నొక్కండి. ఆ ప్లేట్లలో శబ్దమంతా ముల్లు పక్కలకు ఊగడంలోనే ఉంటుంది; పైకీ కిందికీ ఊగేదంతా రొదే కనుక మోనోలో అది చాలావరకు రద్దవుతుంది.

ఐదవ పని: కడగడం, ఆ తరువాతే వినడం

ట్రంకు నుంచి తీసిన ప్లేటును తుడవకుండా తిప్పితే దుమ్ము ముల్లు కింద ఉప్పుకాగితంలా పనిచేస్తుంది. మెత్తటి కార్బన్ ఫైబర్ బ్రష్షును తిరుగుతున్న ప్లేటు మీద తేలికగా ఆనించి, గాడుల వరుసలోనే దుమ్మును పోగుచేసి బయటికి లాగేయడం ప్రతిసారీ చేయాలి. సముద్రతీరపు ఊళ్ళలో ఉన్నవారి ప్లేట్ల మీద తరచు కనిపించే తెల్లటి బూజుకు, ఏళ్ళ జిడ్డుకు ఇది చాలదు, నీటితో కడగాలి.

ఇక్కడ నీటి విషయంలో మన ప్రాంతపు మాట ఒకటి చెప్పాలి. బోరునీటితో, కుళాయినీటితో కడిగితే ఆరిన తరువాత గాడుల్లో సున్నపు పొర మిగిలిపోతుంది, ఆ పొర తరువాత చిటపటలుగా వినిపిస్తుంది. డిస్టిల్డ్ వాటర్ అని స్పష్టంగా రాసి ఉన్న సీసా కొనండి. ఒక లీటరుకు గిన్నెలు తోమే సబ్బుద్రవం రెండు చుక్కలు చాలు. మధ్యనున్న కాగితపు చీటీ తడవకుండా, మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డతో గాడుల వెంట గుండ్రంగా తుడిచి, సబ్బు కలపని అదే నీటితో మరో గుడ్డను తడిపి ఇంకోసారి తుడిచి, దుమ్ము పడని చోట నిలబెట్టి నీడలో ఆరనివ్వండి. ఎండలో పెట్టకండి. కొబ్బరినూనె రాస్తే మెరుస్తుందని, కిరసనాయిలుతో మరక పోతుందని చెప్పే పెద్దల సలహాలను గౌరవంగా విని వదిలేయండి.

లక్క ప్లేట్ల మీద స్పిరిట్టు, శానిటైజరు, ఐసోప్రోపైల్ ఆల్కహాల్ కలిసిన ఏ ద్రవమూ వాడకూడదు, ఎందుకంటే లక్క ఆల్కహాల్‌లో కరుగుతుంది. ఇది నేను పుస్తకంలో చదివి నేర్చుకోలేదు. వినైల్ ప్లేట్లకు వాడిన ద్రవంతోనే మా తాతగారి హరికథ ప్లేటు తుడిస్తే గుడ్డంతా నల్లగా మారింది, నిగనిగలాడే ప్లేటు మీద మొదటి అంగుళం పలక రంగుకు తిరిగింది. హరిదాసు గారి ప్రార్థన ఇప్పటికీ ఇసుక తుఫానులోంచి వచ్చినట్టే వినిపిస్తుంది. లక్క ప్లేటును పైన చెప్పిన సబ్బునీటితో తేమగా ఉన్న గుడ్డతో చకచకా తుడిచి, వెంటనే పొడిగుడ్డతో ఆర్చండి. అంచున చిట్లిన ప్లేటుకు ఆ తేమ కూడా తగలనివ్వకండి. కొన్ని రకాల ప్లేట్ల నడుమ కాగితపు పొర ఉంటుంది, నీరు దిగితే అది ఉబ్బుతుంది.

ఇక వినడం. ప్లేటును అరచేతుల నడుమ అంచులతో పట్టుకొని, వేళ్ళు గాడులకు తగలకుండా, మధ్య కడ్డీకి తొడగండి. కడ్డీ కొన కోసం ప్లేటును చీటీ మీద గీకుతూ వెతకకండి. వేగం మీట చూసుకొని, పళ్ళెం తిరగడం మొదలయ్యాక చేతిని లేపే మీటతో పైకెత్తి, ప్లేటు అంచున గాడులు పలచగా ఉన్న చోటికి తెచ్చి, మీటతోనే దించండి. చేత్తో దించితే వేలి వణుకు ముల్లుకు చేరుతుంది. పాట అయ్యాక ముల్లు చీటీ చుట్టూ ఉన్న చివరి గాడిలో తిరుగుతూనే ఉంటుంది. తానే ఆగని యంత్రమైతే మీరే లేచి ఎత్తాలి. విని నిద్రపోయే అలవాటున్నవారికి తానే ఆగే యంత్రం నయం.

ముల్లును కూడా చిన్న బ్రష్షుతో శుభ్రం చేయండి, ఎప్పుడూ వెనుక నుంచి ముందుకే, పక్కలకు కాదు. మొదలుపెట్టేవారి యంత్రాలతో వచ్చే సాదా వజ్రపు ముళ్ళు సుమారు 300 నుంచి 500 గంటలు నిలుస్తాయి. రోజుకు గంట వింటే ఏడాది, ఏడాదిన్నర లోపలే మార్చవలసి వస్తుందన్నమాట. ప్లేటు చివరి పాటలో సకారాలు ఉమ్మినట్టు వినిపించడం మొదలైతే తేదీ చూసుకోకుండా మార్చేయండి.

దాచడం

ప్లేట్లను పుస్తకాల్లా నిటారుగా నిలబెట్టండి; ఒకదాని మీద ఒకటి పేర్చితే కిందివి వంగుతాయి, ఏటవాలుగా ఆనిస్తే అన్నీ వంగుతాయి. వంద ఎల్పీలు అట్టలతో కలిపి 20 కిలోలు దాటుతాయి కనుక పలుచటి ప్లైవుడ్ అర సరిపోదు. వినైల్ 60 డిగ్రీల సెల్సియస్ దాటితే మెత్తబడుతుంది. విజయవాడలోనో, రామగుండంలోనో మే నెల మధ్యాహ్నం ఎండలో నిలిపి, అద్దాలు బిగించిన కారులో ఆ వేడి రావడానికి ఎక్కువసేపు పట్టదు. ప్లేట్లు కొన్న రోజున తిన్నగా ఇంటికే వెళ్ళండి. అటక కూడా రేకుల కప్పు కిందిదైతే పనికిరాదు. లోపలి కాగితపు తొడుగు చినిగితే మెత్తటి పాలిథిన్ పొర ఉన్న కొత్తది వేయండి. ప్లేటుకు తగిలేలా పీవీసీ తొడుగు మాత్రం వేయకండి, అది వేడికి ప్లేటును అంటుకొని మచ్చ చేస్తుంది. అట్టలకు చెదలు, వెండిపురుగులు పట్టకుండా గోడకు జానెడు దూరంలో అర ఉంచితే మంచిది.

మరికొన్ని కొనాలంటే

హైదరాబాదులో ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్‌ల మీద, ఎర్రగడ్డ సంతలో, ముంబయి చోర్ బజారులో, కోల్‌కతా ఫ్రీ స్కూల్ స్ట్రీటులో పాత ప్లేట్లు వెతికేవారు కనిపిస్తారు. దొరికేది రోజును బట్టి ఉంటుంది. హెచ్‌ఎంవీ, కొలంబియా, ఒడియన్ పేర్లతో వచ్చిన మన పాత ప్లేట్లు చాలావరకు కోల్‌కతా దగ్గరి డమ్‌డమ్ కర్మాగారంలో అచ్చయినవే, కాబట్టి గుర్తు చూసి ధర పెంచే మాటలకు లొంగకండి. ప్లేటు స్థితే ధర.

స్థితిని చూడడానికి ప్లేటును అట్టలోంచి పూర్తిగా బయటికి తీయించండి. ఎండకు గానీ ఒక్క బల్బుకు గానీ ఏటవాలుగా పట్టి తిప్పండి. వెంట్రుకవాసి గీతలు చాలామటుకు వినిపించవు; గోరు మెల్లగా ఆనిస్తే తగిలే గీత ప్రతి చుట్టుకూ టక్కుమంటుంది, 33⅓ వేగంలో 1.8 సెకన్లకు ఒకసారి. మధ్య రంధ్రం చుట్టూ చీటీ మీద సాలెగూడులా గీరలుంటే ఆ ప్లేటు చాలాసార్లు ఎక్కిదిగిందని అర్థం. గాడులు నిగారింపు పోయి బూడిద రంగుకు తిరిగి ఉంటే బరువైన ముల్లు కింద నలిగినదే, కడిగినా రాదు. అంచును కంటి ఎత్తుకు తెచ్చి చూస్తే వంపు తెలుస్తుంది. కొద్దిపాటి వంపును ముల్లు దాటుతుంది, బొరుగుల పెనంలా ఉబ్బినదాన్ని దాటలేదు. చివరగా, అట్ట మీది పేరూ ప్లేటు మీది చీటీ పేరూ ఒకటేనా అని చదవండి. తొందరలో అట్ట చూసి డబ్బిచ్చి, ఇంటికి వచ్చాక లోపల మరో భాష పాటలు చూసుకున్నవారు చాలామంది ఉన్నారు, వారిలో ఈ వ్యాసకర్త రెండుసార్లు ఉన్నాడు.